జీరో బల్బుపాటి కరెంటుతో సముద్రాలు దాటే సంకేతం

ఇంటికో పెద్ద రేడియో ఉన్న రోజుల్లో సిలోన్ స్టేషన్ పట్టడం ఒక విద్య. అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు వినపడగానే ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, పెట్టెను కిటికీ వైపు తిప్పి, ఏరియల్ తీగను ఒకసారి సవరించి, ఇక ఎవరూ కదలకూడదని ఇంటిల్లిపాదికీ హుకుం జారీ చేసేవారు. పల్లవి ఖంగుమని మోగేది. చరణానికొచ్చేసరికి పాట ఏ బావిలోకో దిగిపోయినట్టు సన్నగిల్లేది. కాసేపటికి మళ్లీ అలలా పైకి లేచేది. అక్కడ స్టేషను వాళ్లు సౌండు తగ్గించిందీ లేదు, పెంచిందీ లేదు. శ్రీలంకలో ట్రాన్స్‌మిటర్ అదే, ఇంట్లో రేడియో అదే. మారిందల్లా ఆ రెంటికీ నడుమ ఉన్న ఆకాశం.

మీడియం వేవ్‌ది కూడా ఇదే కథ. పగలంతా విజయవాడ కేంద్రమో, హైదరాబాద్ కేంద్రమో తప్ప ముల్లు ఎక్కడ పెట్టినా గరగరే. రాత్రి భోజనాలయ్యాక అదే ముల్లు తిప్పితే తమిళం, కన్నడం, హిందీ, పేరు తెలియని మరేవో భాషలు ఒకదాని మీద ఒకటి పడి పలకరించేవి. పగలు లేని దారి రాత్రికి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో కనిపెట్టడమే సరదాగా పెట్టుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లే అమెచ్యూర్ రేడియో వాళ్లు. వాడుకలో హ్యామ్‌లు. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో, సొంత కాల్‌సైన్‌తో, ఇంటి నుంచే సంకేతాలు పంపుతారు. వారిలో మళ్లీ ఒక ప్రత్యేకమైన తెగ ఉంది. చేతిలో వంద వాట్ల సెట్టు ఉన్నా కావాలనే దాన్ని అయిదు వాట్లకో, ఒక వాటుకో, ఇంకా కిందికో తగ్గించి, ఆ కాస్త దాంతో ఎంత దూరం వెళ్లగలమో చూసుకునే తెగ.

తక్కువలోనే గొప్ప

టెలిగ్రాఫ్ రోజుల్లో ఆపరేటర్లు పొడవాటి వాక్యాలు కొట్టే శ్రమ లేకుండా క్యూ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు పెట్టుకున్నారు. వాటిలో 'క్యూఆర్‌పీ' అంటే 'మీ పవర్ తగ్గించండి' అని. అదే ఇప్పుడు ఈ తక్కువ వాట్ల వాళ్ల ఇంటిపేరు అయింది. మోర్స్‌లో 5 వాట్లు, మాటల్లో అయితే 10 వాట్లు దాటకపోతే దాన్ని క్యూఆర్‌పీ కింద లెక్కేస్తారు. ఇంట్లో హాల్లో వెలిగే మామూలు ఎల్ఈడీ బల్బు 9 వాట్లు. అంటే బల్బు తినే కరెంటులో దాదాపు సగంతో వీళ్లు ఆస్ట్రేలియాతోనో, ఐరోపాతోనో మాట కలుపుతారన్నమాట.

వాటుకు వెయ్యి మైళ్లు సాధించినవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చే సంప్రదాయం ఈ తెగలో ఎప్పటి నుంచో ఉంది. అయిదు వాట్లతో అయిదు వేల మైళ్లు, అర వాటుతో అయిదు వందల మైళ్లు వెళ్లినా ఆ లెక్క సరిపోతుంది. ఈ లెక్కను వెక్కిరించినంత పని చేసిన సంఘటన 1970లో జరిగింది. అమెరికాలోని అలాస్కా, ఒరెగాన్ రాష్ట్రాల్లో ఉన్న ఇద్దరు హ్యామ్‌లు 10 మీటర్ల బ్యాండు మీద ఒక మైక్రోవాటుతో, అంటే వాటులో పది లక్షల వంతుతో, 1,650 మైళ్ల దూరాన్ని దాటారు. కిలోమీటర్లలో దాదాపు 2,650.

ఇది గారడీ కాదు, లెక్కే. హ్యామ్‌ల సెట్టు మీద ఎస్-మీటర్ అనే చిన్న ముల్లు ఉంటుంది. వచ్చే సంకేతం బలాన్ని ఒకటి నుంచి తొమ్మిది దాకా గీతల్లో చూపుతుంది. ఒక గీత తగ్గాలంటే పవర్ నాలుగో వంతుకు పడిపోవాలి. వంద వాట్ల వాడు ఒక వాటుకు దిగితే పవర్ వందో వంతు అయింది కదా, ముల్లు మాత్రం మూడు గీతల పైచిలుకు కిందికి వస్తుంది, అంతే. తొమ్మిది మీద ఉన్నది ఆరు కంటే కాస్త తక్కువకు దిగుతుంది. గొంతు తగ్గుతుంది గానీ మాట పోదు.

అదే ఆకాశం మొండికేస్తే? ముల్లు తొమ్మిది నుంచి సున్నాకు పడిపోతుంది. అప్పుడు వంద వాట్లున్నా ఒకటే, వెయ్యి వాట్లున్నా ఒకటే. హ్యామ్‌లు సెట్టు ఆన్ చేయగానే ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని వాట్లు?' కాదు, 'కండిషన్స్ ఎలా ఉన్నాయి?'

పనికిరావని పారేసిన అలలు

1901 డిసెంబరు 12న మార్కోనీ నేటి కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, అట్లాంటిక్ అవతల ఇంగ్లండ్‌లోని పోల్‌డూ నుంచి వచ్చిన మూడు చుక్కలు, మోర్స్‌లో 'ఎస్' అక్షరం, విన్నానని ప్రకటించాడు. నిజంగా విన్నాడా, గరగరను చుక్కలనుకున్నాడా అన్న వాదన ఇప్పటికీ ఉంది. శాస్త్రవేత్తలకు మాత్రం అప్పట్లో వేరే సందేహం పట్టుకుంది. రేడియో తరంగం వెలుగులాగే తిన్నగా పోతుంది. భూమేమో గుండ్రం. మరి ఆ గుండ్రం చుట్టూ ఎలా వంగింది? మరుసటి ఏడాదే ఆలివర్ హెవిసైడ్, ఆర్థర్ కెన్నెలీ అనే ఇద్దరు ఎవరికి వారుగా ఒక ఊహ చేశారు. పైన ఎక్కడో విద్యుత్తు పారే పొర ఉండి ఉండాలి, తరంగం దానికి తగిలి తిరిగి కిందికి వస్తూ ఉండాలి అని.

ఊహ ఊహగానే మిగిలింది. పెద్ద పెద్ద కంపెనీలు పొడవాటి అలల వైపే మొగ్గాయి. అలల పొడవు ఎంత ఎక్కువైతే అంత దూరం వెళ్తాయని ఆనాటి నమ్మకం. 200 మీటర్ల కంటే పొట్టి అలలు దేనికీ పనికిరావని తేల్చి, 1912 చట్టంతో అమెరికా ప్రభుత్వం వాటిని హ్యామ్‌ల మొహాన పారేసింది. సారం లేని చెలక దక్కిన రైతులా వాళ్లు దాన్నే దున్నారు. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికన్ హ్యామ్ ఓడెక్కి స్కాట్లండ్ వెళ్లి, ఆర్డ్రోసన్ అనే ఊళ్లో సముద్రపుగాలిలో డేరా వేసుకుని కూర్చుంటే, అమెరికా హ్యామ్‌ల సంకేతాలు వినపడ్డాయి. 1923 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియోన్ డెలోయ్, అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల అల మీద అటూ ఇటూ మాట్లాడుకున్నారు. పనికిరాని భూమిలో బంగారం పండింది. కంపెనీలు, సైన్యాలు, ప్రభుత్వాలు అన్నీ ఒక్కసారిగా అటువైపు పరుగు తీశాయి.

ఆ పొర ఉందని రుజువైంది కూడా ఆ తరవాతి ఏడాదే. 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్‌టన్ బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ వాడుకుని, పైనుంచి తిరిగి వచ్చే తరంగాన్ని కొలిచాడు. ఆ పనికి 1947లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే ఏడాది కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా పై వాతావరణం మీద రాసిన పెద్ద గ్రంథం అచ్చయింది.

ఆకాశంలో అరలు

ఆ పొరను ఐనోస్ఫియర్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఐనోఆవరణం. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పై గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. అలా విడివడిన ఎలక్ట్రాన్ల గుంపే రేడియో తరంగాన్ని వంచి కిందికి తిప్పుతుంది. దీంట్లో అరలున్నాయి. సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో 'డి', దాని పైన 'ఇ', ఇంకా పైన రెండు మూడు వందల కిలోమీటర్ల దాకా, అంతకు మించీ 'ఎఫ్'.

ఈ మూడింటిలో 'డి' పేచీకోరు. తరంగాన్ని తిప్పి పంపదు, మింగేస్తుంది. అందులోనూ మీడియం వేవ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలంటే దానికి మరీ ఇష్టం. అయితే దాని ఆయుష్షు ఎండ ఉన్నంతసేపే. సూర్యుడు దిగగానే అక్కడి ఎలక్ట్రాన్లు మళ్లీ అణువుల్లో కలిసిపోతాయి, మింగే నోరు మూతపడుతుంది. పగలంతా 'డి' పొట్టలోకి పోయిన చెన్నై, బెంగళూరు స్టేషన్లు రాత్రి పైదాకా వెళ్లి, తిరిగి మన రేడియోలో దిగేది అందుకే.

'ఎఫ్' దూరప్రయాణాల పొర. రాత్రి కూడా బతికి ఉంటుంది. చెరువు గట్టున పిల్లలు చిల్లపెంకును నీటి మీద వాలుగా విసిరి కప్పగంతులు వేయిస్తారు చూడండి, తరంగం కూడా అలాగే 'ఎఫ్' నుంచి నేలకు, నేల నుంచి మళ్లీ 'ఎఫ్'కు గంతులేస్తూ పోతుంది. ఒక్కో గంతు నాలుగు వేల కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. పెంకు నిటారుగా వేస్తే మునిగినట్టే, తరంగం మరీ నిట్టనిలువుగా వెళ్లినా, ఫ్రీక్వెన్సీ మరీ ఎక్కువైనా పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. ఈ గంతుల వల్లే ఒక తమాషా కూడా జరుగుతుంది. హైదరాబాద్ నుంచి పంపిన సంకేతం నల్లగొండ హ్యామ్‌కు వినపడకపోవచ్చు, అదే నిమిషంలో జపాన్‌లో స్పష్టంగా వినపడొచ్చు. పక్కూరు గంతు కింద పడిపోయింది.

అసురసంధ్య వేళ ఏ పనీ మొదలుపెట్టకూడదని పెద్దలు అంటారు. తక్కువ వాట్ల వాళ్లు సరిగ్గా ఆ వేళకే సెట్టు ముందు కూర్చుంటారు. నేల మీద చీకటి పడుతున్నా మూడు వందల కిలోమీటర్ల ఎత్తున 'ఎఫ్' పొరకు ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది. కింద 'డి' మాత్రం కరిగిపోతుంటుంది. మింగేవాడు లేడు, తిప్పి పంపేవాడు ఉన్నాడు. భూగోళం మీద పగలూ రాత్రీ కలిసే గీత వెంబడి, అంటే ఇక్కడ సాయంత్రమైతే మరెక్కడో తెల్లవారే చోటుకు, ఆ కాసేపూ తలుపు తెరుచుకుంటుంది. కొన్ని రోజులు అది పది నిమిషాల ముచ్చటే.

సూర్యుడి పదకొండేళ్ల లెక్క

రోజువారీ మార్పులు ఒక ఎత్తు, ఏళ్ల తరబడి సాగే మార్పు ఒక ఎత్తు. జర్మనీలో హైన్రిక్ ష్వాబే అనే మందుల దుకాణం మనిషి ఏళ్ల తరబడి సూర్యుడి మీది మచ్చలు లెక్కపెట్టి, అవి ఒక పద్ధతిలో పెరిగి తగ్గుతున్నాయని 1843లో ప్రకటించాడు. సగటున 11 ఏళ్లకు ఒక చక్రం. మచ్చలు ఎక్కువైతే సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల ధాటి పెరుగుతుంది, 'ఎఫ్' పొర చిక్కబడుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలను కూడా వంచగలుగుతుంది.

మచ్చల కాలంలో 28 మెగాహెర్ట్‌జ్ దగ్గరుండే 10 మీటర్ల బ్యాండు తక్కువ వాట్ల వాళ్లకు పండగే. రెండు వాట్లు, బాల్కనీలో ఒక తీగ చాలు, ఖండాలు దాటేస్తారు. మచ్చలు లేని కాలంలో అదే బ్యాండు బావురుమంటుంది. 2019లో 270కి పైగా రోజులు సూర్యుడి మీద ఒక్క మచ్చ కూడా లేదు. ఆ ఏడాది డిసెంబరులో 25వ చక్రం మొదలైంది. సగటు లెక్కల ప్రకారం 2024 అక్టోబరులో శిఖరానికి చేరింది.

మచ్చలు వరాలే కాదు, వాతలు కూడా పెడతాయి. పెద్ద జ్వాల ఒకటి లేచిందంటే దాని ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరి 'డి' పొరను ఒక్కసారిగా బలపరుస్తాయి. పగటి వైపున్న షార్ట్‌వేవ్ మొత్తం తీగ తెంపినట్టు మూగబోతుంది. కొత్త హ్యామ్ యాంటెన్నా ఊడిందేమోనని మేడ మీదికి పరుగెడతాడు. పాతకాపు మాత్రం టీ పెట్టుకుంటాడు, కాసేపటికి దానంతట అదే తేరుకుంటుందని ఆయనకు తెలుసు.

2024 మే 10, 11 తేదీల్లో సూర్యుడు రేపిన అయస్కాంత తుపాను అంతకంటే పెద్దది. తీవ్రత కొలిచే కొలబద్దలో పై మెట్టు దాకా వెళ్లింది. లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశోధనశాల మీద ఆకాశం ఎర్రబారడం కెమెరాలకు చిక్కింది. అంతకు ఎనిమిది నెలల ముందు, 2023 సెప్టెంబరు 2న, సూర్యుణ్ని పరిశీలించడానికి శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య ఎల్-1 అప్పటికే 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కాపలా కాస్తోంది. హ్యామ్ చేతిలోని చిన్న సెట్టుకూ, వందల కోట్ల ఈ ఉపగ్రహానికీ పరిశీలించే వస్తువు ఒకటే.

నోబెల్ గ్రహీత గుసగుస

జోసెఫ్ టేలర్ చిన్ననాటి నుంచీ హ్యామ్. పెద్దయ్యాక ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు. 1974లో రసెల్ హల్స్‌తో కలిసి, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల్లో పల్సర్‌ను, అంటే లయ తప్పకుండా రేడియో సంకేతాలు విడిచే నక్షత్రాన్ని, కనుగొన్నాడు. 1993లో వాళ్లిద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అంతరిక్షపు రొదలోంచి సన్నటి సంకేతాన్ని ఏరుకునే విద్యలో ఆరితేరిన ఆ మనిషి, ఆ విద్యను తన పాత సరదాకు తెచ్చి కలిపాడు. 2008లో 'విస్పర్' అనే పద్ధతిని హ్యామ్‌ల చేతిలో పెట్టాడు. పేరుకు తగ్గట్టే అది గుసగుస.

అది ఎలా పని చేస్తుందో దగ్గర నుంచి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక మేడ మీద రెండు వెదురు కర్రల మధ్య పది మీటర్ల రాగి తీగ, నడుమన తెంచి కేబుల్ కలిపిన డైపోల్. కింద గదిలో అగ్గిపెట్టెకు అన్నయ్యలాంటి చిన్న పెట్టె. దాని శక్తి 0.2 వాటు. దేవుడి గదిలో పెట్టే ఎల్ఈడీ జీరో బల్బు అర వాటు, అందులో సగం కూడా లేదు. గడియారం సరి సంఖ్య నిమిషానికి, అంటే 6 గంటల 2 నిమిషాలకో, 6 గంటల 4 నిమిషాలకో, చేరి ఒక సెకను దాటగానే పెట్టె పంపడం మొదలుపెడుతుంది. పంపే విషయం మూడు ముక్కలే. కాల్‌సైన్. ఊరు ఉన్న గడి గుర్తు, హైదరాబాద్‌కైతే ఎంకె97. పవర్ ఎంతో చెప్పే అంకె, 0.2 వాటుకు 23. ఈ మూడు ముక్కలు చెప్పడానికి దాదాపు 111 సెకన్లు తీసుకుంటుంది. నాలుగు స్వరాలనే మార్చి మార్చి 162 సార్లు ఊదుతుంది. ఆ నాలుగు స్వరాల మధ్య తేడా ఎంత తక్కువంటే మామూలు చెవికి అంతా ఒకటే కూతలా ఉంటుంది.

ఒక మాట చెప్పడానికి రెండు నిమిషాలా అనిపిస్తుంది. రహస్యమంతా ఆ నిదానంలోనే ఉంది. హోరుగాలిలో అవతలి గట్టు మీది మనిషికి వినపడాలంటే ఒక్కో అక్షరాన్నీ సాగదీసి పిలుస్తాం కదా, ఇదీ అంతే. మామూలు మాటకు సరిపడా వెడల్పులో వచ్చే రొద కంటే సంకేతం ఆరు వందల రెట్లు తక్కువగా ఉన్నా కంప్యూటర్ దాన్ని ఏరి పట్టుకుంటుంది. మనిషి చెవికి గరగర తప్ప ఏమీ వినపడని చోట తెర మీద కాల్‌సైన్ ప్రత్యక్షమవుతుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ గుసగుస విన్న ప్రతి స్టేషనూ ఫలానా కాల్‌సైన్, ఫలానా గడి, ఇంత బలంతో వినపడిందని ఇంటర్నెట్‌లోని ఉమ్మడి పట్టికలో దానంతట అదే నమోదు చేస్తుంది. పంపినవాళ్లు పటం తెరిస్తే చాలు, తమ ఊరి నుంచి గీతలు ఎటెటు వెళ్లాయో కనపడతాయి. ఉదయం తూర్పుకు పోయిన గీతలు సాయంత్రానికి పడమరకు మళ్లడం, ఎండ మండే వేళకు కొన్ని బ్యాండ్లలో గీతలు కురచబారడం, జ్వాల లేచిన రోజున అన్నీ ఒక్కసారిగా మాయమవడం... ఆకాశం చేసే పనులన్నీ ఆ గీతల్లో తెలిసిపోతాయి.

గుసగుస బెలూన్ ఎక్కింది కూడా. కొందరు హ్యామ్‌లు పుట్టినరోజులకు వాడే తరహా బెలూన్లకు కొద్ది గ్రాముల బరువున్న విస్పర్ పరికరం, చిన్న సౌర పలకలు కట్టి వదులుతారు. అవి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలివాటున భూమిని చుట్టేస్తూ మిల్లీవాట్లలో తమ ఆచూకీ చెబుతుంటాయి. అమెరికాలో ఇల్లినాయ్ బృందం వదిలిన అలాంటి బెలూన్ ఒకటి 2023 ఫిబ్రవరి 10న అలాస్కా తీరం దగ్గర చివరిసారి వినపడింది. మరుసటి రోజే కెనడాలోని యూకాన్ మీద ఏదో అనుమానాస్పద వస్తువును అమెరికా యుద్ధవిమానం క్షిపణితో కూల్చింది. రెండూ ఒకటేనా అన్నది అధికారికంగా తేలలేదు, శకలాలు దొరకలేదు.

గ్రహణాలప్పుడు ఈ సరదా నేరుగా శాస్త్రానికి పనికొచ్చింది. 2017 ఆగస్టు 21న అమెరికాను అడ్డంగా దాటిన సంపూర్ణ సూర్యగ్రహణం వేళ 'హ్యామ్‌సై' అనే బృందం పిలుపు మేరకు వేల మంది హ్యామ్‌లు సెట్ల ముందు కూర్చున్నారు. నీడ కదులుతున్నకొద్దీ 14 మెగాహెర్ట్‌జ్‌లో సంకేతాలు పలచబడ్డాయి, 7 మెగాహెర్ట్‌జ్, అంతకంటే కింది బ్యాండ్లలో పగటిపూటే రాత్రిలాంటి దూరాలు వచ్చాయి. ఆ రికార్డులతో పరిశోధన పత్రాలు వెలువడ్డాయి.

మన నెత్తి మీది ఆకాశం వేరు

భూమికి రెండు మధ్యరేఖలున్నాయి. ఒకటి పటంలో గీసేది, రెండోది అయస్కాంత మధ్యరేఖ. ఈ రెండోది మన దేశపు దక్షిణ కొన మీదుగా పోతుంది. 1963 నవంబరు 21న మన దేశం నుంచి ఎగిరిన మొదటి పరిశోధన రాకెట్టుకు కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి కారణం అదే. ఈ రేఖ దగ్గర ఐనోఆవరణం తీరే వేరు. పగలు ఎలక్ట్రాన్లు ఫౌంటెన్ నీళ్లలా పైకి లేచి, రేఖకు ఉత్తరాన, దక్షిణాన రెండు గుట్టలుగా పడతాయి. చీకటి పడ్డాక 'ఎఫ్' పొర ఉబికి, అందులో బుడగలు లేస్తాయి. ఆ వేళ ఉపగ్రహ సంకేతాలు కూడా మిణుకుమంటాయి, షార్ట్‌వేవ్‌లో గొంతులు వణుకుతాయి. మరోపక్క, ఈ గుట్టల మీద నుంచి జారి, మామూలుగా అంత దూరం వెళ్లని ఫ్రీక్వెన్సీలు కూడా సాయంత్రాల్లో మధ్యరేఖకు అవతలి దేశాలకు చేరుతుంటాయి. ఈ విచిత్రాన్ని 1947లో 50 మెగాహెర్ట్‌జ్ దగ్గర మొదట గమనించింది కూడా హ్యామ్‌లే.

తెలుగు నేలకు ఈ పరిశోధన కొత్త కాదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు వంటివారు దశాబ్దాల కిందటే ఐనోఆవరణ పరిశోధనకు పునాది వేశారు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో 1,024 యాంటెన్నాలు పొలంలో నాటిన మొక్కల్లా వరసల్లో నిలబడి ఉంటాయి. ఫ్రీక్వెన్సీ 53 మెగాహెర్ట్‌జ్, కట్టిన కొత్తలో గరిష్ఠ శక్తి 25 లక్షల వాట్లు. మేడ మీది 0.2 వాటు గుసగుసతో పోలిస్తే కోటీ పాతిక లక్షల రెట్లు. రెండూ వాకబు చేసేది ఒకే ఆకాశం గురించి. ఆ రాడార్ ఒక్కచోట నిలబడి లోతుగా చూస్తుంది, వేలాది గుసగుసలు ప్రపంచమంతా పరుచుకుని వెడల్పుగా చూస్తాయి.

కుళాయి వాషర్లతో రేడియో

తక్కువ వాట్ల ప్రపంచంలో హైదరాబాద్‌కు ఒక గుర్తింపు ఉంది. పేరు బిటెక్స్. 2000 తరవాతి తొలి ఏళ్లలో హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్ దాన్ని రూపొందించారు. విదేశీ సెట్టు కొనాలంటే చాలా డబ్బు కావాలి, విదేశీ కిట్టు తెప్పించుకోవాలన్నా దొరకని విడిభాగాలు అందులో బోలెడు. మన బజార్లలో రిపేరు దుకాణాల్లో దొరికే సామాన్లతోనే ఎవరైనా అతికించుకోగల సెట్టు ఎందుకు ఉండకూడదన్నది ఆయన ప్రశ్న. తీగ చుట్టడానికి ప్రత్యేకమైన రింగులు కావాల్సిన చోట హార్డ్‌వేర్ షాపులో దొరికే కుళాయి వాషర్లు వాడారు. చివర సంకేతాన్ని పెంచే పనిని, నిజానికి స్విచ్చుగా వాడటానికి తయారైన ఐఆర్‌ఎఫ్510 అనే చవక ట్రాన్సిస్టర్‌కు అప్పగించారు. వినడానికి వాడిన భాగాలనే వెనక్కి తిప్పి పంపడానికి కూడా వాడుకోవడం మరో పొదుపు. అన్నీ కలిపితే వచ్చే పవర్ ఆరు వాట్లు.

డిజైన్‌ను దాచుకోకుండా అందరికీ వదిలేశారు. దేశదేశాల హ్యామ్‌లు దాన్ని కట్టారు, మార్చారు, కొత్త కూర్పులు చేశారు. తరవాత 2017లో అన్ని షార్ట్‌వేవ్ బ్యాండ్లకూ పనికొచ్చే పది వాట్ల మైక్రోబిటెక్స్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక మహిళల బృందం దాని తీగచుట్టలను చేత్తో చుట్టింది. ఆ బోర్డులు విమానాలెక్కి ఖండాంతరాలకు వెళ్లాయి.

పొదుపు ఒక్కటే ఈ చిన్న సెట్ల గొప్ప కాదు. కారు బ్యాటరీ ఒకటుంటే అయిదు వాట్ల సెట్టు రోజుల తరబడి నడుస్తుంది. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలిన చోట దాని విలువ తెలుస్తుంది. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం భారతి ప్రసాద్ ఆధ్వర్యంలో 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో రేడియో ప్రయోగాల కోసం ఉండగానే, 26వ తేదీన సునామీ ముంచుకొచ్చింది. ఫోన్లు చచ్చిపోయిన ఆ గంటల్లో సరదా కోసం కట్టిన స్టేషనే అండమాన్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య వార్తలు మోసింది.

రేపటి ఆకాశం

25వ చక్రం శిఖరం దాటింది కాబట్టి ఇక దిగుడు కాలం. మచ్చలు క్రమంగా తగ్గుతాయి, 2030 ప్రాంతాల్లో అట్టడుగుకు చేరతాయని అంచనా. 28 మెగాహెర్ట్‌జ్‌లో రెండు వాట్ల ముచ్చట్లు పలచబడతాయి. బదులుగా రాత్రి వేళల్లో 7, 3.5 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్లు నెమ్మదించి, ఓపికగా వినేవాళ్లకు మేలు చేస్తాయి. దిగుడు కాలంలోనే అయస్కాంత తుపాన్లు తరచుగా రావడం కూడా మామూలే.

సూర్యుడి కంటే దగ్గరి శత్రువు మరొకటి ఇంట్లోనే పుట్టింది. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు విడిచే రొద. అపార్టుమెంట్లలో ఉండే హ్యామ్‌లు ఒక్కో స్విచ్చూ ఆపుకుంటూ ఏ బల్బు ఎంత గోల చేస్తోందో కనిపెట్టడం నేర్చుకున్నారు. కొందరు ఆదివారం సెట్టునూ బ్యాటరీనీ సంచిలో వేసుకుని, కరెంటు తీగలు లేని గుట్టల మీదికి పోతారు.

పంపడానికి లైసెన్సు తప్పదు, అది మిల్లీవాటు అయినా సరే. 12 ఏళ్లు దాటినవారు టెలికమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా అక్కర్లేదు. ముందు ఆకాశం సంగతి ఒకసారి చూడాలనుకుంటే ఏ పరీక్షా అవసరం లేదు. అటక మీది పాత రేడియోను దించి దుమ్ము తుడవండి. మీడియం వేవ్ పెట్టి, మిట్టమధ్యాహ్నం ముల్లును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి ఎన్ని స్టేషన్లు వచ్చాయో కాగితం మీద రాసుకోండి. రాత్రి తొమ్మిదింటికి దగ్గర్లోని ఎల్ఈడీ బల్బులు ఆపేసి, అదే ముల్లును అంతే నెమ్మదిగా మళ్లీ తిప్పి, ఆ లెక్క పక్కనే ఈ లెక్క కూడా రాయండి.